మా ఇంటి బీపీ

"ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బీపీ చూడలేదామ్మా?" అని గుంటూరు ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగేటప్పటికి నేను ఆశా కార్యకర్తల యూనిఫాం చీరలోనే ఉన్నాను. పొద్దున సర్వేకని కట్టుకున్న చీర అది. మా ఆయన మిరప కల్లంలో పడిపోయాడని ఫోనొస్తే ఆ చీరతోనే 108 బండెక్కాను. భుజాన సంచి, సంచిలో బీపీ మిషను. "చూస్తామండీ, నెలనెలా చూస్తాం. పోయిన నెల కూడా బాగానే ఉంది," అన్నాను. ఆయన నా చీర వంక చూశారు, సంచి వంక చూశారు, తర్వాత చేతిలో కాగితం వంక చూశారు. పైన రెండు వందల ఇరవై, కింద నూట ముప్ఫై. "ఇది నిన్నా మొన్నా వచ్చిన బీపీ కాదమ్మా. ఏళ్ళ తరబడి ఉండి ఉంటుంది. కిడ్నీలు రెండూ బాగా దెబ్బతిన్నాయి," అన్నారు.

ముందు నాకు ఆ డాక్టరుగారి మీదే కోపమొచ్చింది. పన్నెండేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. గర్భిణీలకి టీకాలు, పిల్లలకి చుక్కలు, ముసలివాళ్ళకి బిళ్ళలు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఊళ్ళో ఎవరికి ఏ జబ్బుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని పట్టుకుని ఇంట్లో ఎవరూ చూడలేదా అంటాడేమిటి అని ఒళ్ళు మండిపోయింది. మీ మిషనే తప్పు చూపిస్తుందేమో అని కూడా అన్నాను. ఆయన ఇంకో మిషనుతో మళ్ళీ చూసి చూపించారు.

మా ఊరికి ఆశాలం ఇద్దరం. పై బజారు నాది, కింద బజారు ఇంకొకామెది. ఆమెది చీరాల వైపు, మా ఊరికి కోడలై వచ్చింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. చేరిన కొత్తలో షుగర్ పరీక్షకి వేలు గుచ్చాలంటే తానే కళ్ళు మూసుకునేది. ఆ పిల్లకి చెయ్యి పట్టుకుని అన్నీ నేర్పాను. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టకుండా పట్టీ చుట్టొద్దు, మాట్లాడించొద్దు, ఎక్కువ వస్తే కాసేపాగి రెండోసారి చూడు అని నేర్పిందాన్ని నేనే. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిల్ల అక్కా అని పిలిచిన రోజు నుంచి ఆ లోటు తీరిందనుకున్నాను. మా ఆయన్ని బావా అనేది. ఆయనకి అదో సరదా. ఆమె గుమ్మంలో కనపడగానే "ఏం మరదలా, ఇవాళ ఎంతమంది రక్తం తాగొచ్చావ్?" అని మొదలుపెట్టేవాడు.

ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూసి ఫోనులో యాప్‌లో ఎక్కించాలని మాకు చెప్పినప్పుడు ఒక చిక్కొచ్చింది. మా ఇళ్ళ సంగతి ఏమిటి? మన ఇంట్లోవాళ్ళని మనమే చూడకూడదని రూలేం లేదు. కానీ ఇంట్లోవాళ్ళు మన మాట వింటారా? పంతులమ్మ పిల్లలు పక్కింటి ట్యూషనుకి పోయినట్టు, మా ఆయన నేను పట్టీ పట్టుకొస్తే "నీ డ్యూటీ బజార్లో చేసుకో" అని చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఆమె అత్తగారూ అంతే, కోడలు వేలు గుచ్చుతానంటే వీధిలోకి వెళ్ళి కూర్చునేది. అందుకని ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. మా ఇల్లు ఆమె చూడాలి, ఆమె ఇల్లు నేను చూడాలి. పక్క ఊళ్ళ ఆశాలు కూడా ఇలాగే మార్చుకుంటున్నారని తర్వాత తెలిసింది. మంచి పద్ధతేనని మా పైనుండే నర్సు ఏఎన్నెమ్మ మెచ్చుకుంది.

నేను ఆ ఒప్పందాన్ని నూటికి నూరుపాళ్ళూ పాటించాను. ఆమె అత్తగారి ఎడమ కాలి బొటనవేలి కింద చిన్న పుండు కనిపెట్టింది నేనే. ముల్లు గుచ్చుకుందిలే అని ముసలామె పసుపు పెట్టుకుని తిరుగుతోంది. వేలు గుచ్చి చూస్తే షుగరు మిషనులో ఆఖరి అంకె దాకా పోయింది. ఆ రోజే ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇంకో పది రోజులు ఆగితే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారు. ముసలామె ఇప్పటికీ ఆ కాలితోనే మిరపలో రంగు పోయిన తాలుకాయలు ఏరే పనికి పోతుంది. ఇది గొప్పకి చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. నేను చేసింది అది, నాకు జరిగింది ఇది.

మా ఇంటికి ఆమె వచ్చే వేళకి నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. నా బజారు నాకుంటుంది కదా. ఇంటి ఫోను నా దగ్గరే ఉంటుంది కాబట్టి యాప్‌లో ఎక్కించడానికి కావలసిన ఓటీపీ నాకే వచ్చేది. ఎవరి అరుగు మీదో కూర్చుని ఎవరి చేతికో పట్టీ చుడుతుంటే ఫోను చేసేది. "అక్కా, నంబర్ చెప్పు." చెప్పేదాన్ని. "ఎంతుందే మీ బావకి?" అంటే "బావకేంటక్కా, నిక్షేపంలా ఉన్నాడు" అనేది. మిరప కోతల రోజుల్లో ఆయన తెల్లారకముందే పొలం పోతాడు, ఆ తర్వాత కల్లంలోనే మకాం. అక్కడికి కూడా వెళ్ళి చూసొస్తున్నానని చెప్పేది. ఎర్రటి ఎండలో కల్లం దాకా నడిచిపోయిందా, నా చెల్లెలు కాబట్టి పోయింది అని మురిసిపోయాను. మా మండలం ఆసుపత్రిలో మీటింగు పెట్టినప్పుడల్లా లేచి, మా ఇంట్లో ఒక్క మనిషి కూడా మిగలకుండా నెలనెలా పరీక్ష అవుతోంది, మీ ఇళ్ళూ అలా చెయ్యండి అని మిగతా ఆశాలకి పాఠం చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆయన ఒళ్ళు ఎన్నిసార్లు చెప్పిందో. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు ఉండేది. కల్లంలో ఘాటుకి మొహం ఉబ్బిందన్నాడు, నిజమే అనుకున్నాను. చెప్పులు బిగుతయ్యాయని కొత్త జత తెచ్చుకున్నాడు. చేలో పురుగుమందు కొట్టిన రోజు నడుం నొప్పని ఊళ్ళో ఆరెంపీ దగ్గర నొప్పి బిళ్ళలు తెచ్చుకుని రోజూ మింగేవాడు. పరాయి ఇంట్లో ఇందులో ఒక్కటి కనిపించినా ఆ మనిషిని లాక్కుని పోయేదాన్ని. మా ఇంట్లో మాత్రం ఫోనులో అంకె బాగుందిగా అని ఊరుకున్నాను. కళ్ళతో చూసినదాన్ని వదిలేసి ఆమె చెప్పిన అంకెని నమ్మాను.

డయాలిసిస్ మొదలుపెట్టిన నాలుగో రోజో ఐదో రోజో, ఆయన నిద్రపోతుంటే వరండాలో కూర్చుని ఫోనులో మా ఇంటి పాత లెక్కలు తీశాను. నూట ఇరవై ఆరు, ఎనభై రెండు. నూట ఇరవై నాలుగు, ఎనభై. నూట ఇరవై ఎనిమిది, ఎనభై నాలుగు. అలా రెండేళ్ళు. ఏ నెలా ముందు నెలలా లేదు. మనిషికి బీపీ ప్రతిసారీ ఒకేలా రాదు, ఒకేలా రాస్తే పైవాళ్ళు అనుమానిస్తారు అని నేనే నేర్పాను. ఆ పిల్ల నా పాఠం బాగానే గుర్తుపెట్టుకుంది. అయినా ఆమె మిషను పాడైపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఊరెళ్ళినప్పుడు ఆమె మిషను అడిగి తెప్పించి, దాంతోనూ నా మిషనుతోనూ పక్కింటివాళ్ళిద్దరికి చూశాను. రెండూ ఒకటే చూపించాయి.

మిట్టమధ్యాహ్నం ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో పట్టా పరిచి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని తాలుకాయలు ఏరుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. నేను ఏమీ అడగక ముందే ముక్కు మీద గుడ్డ కిందకి లాగి ఏడవడం మొదలుపెట్టింది.

"మొదటి నెల చూశానక్కా. నూట డెబ్బై, నూట పది వచ్చింది. కాసేపాగి మళ్ళీ చూశాను. అంతే వచ్చింది."

"మరి?"

"నీకు ఫోన్ చేద్దామని తీశాను. బావ పట్టీ ఊడదీసి పక్కన పడేశాడు. మీ అక్కకి చెప్పావంటే మీ అక్క మీద ఒట్టు అన్నాడు. కోతలైపోగానే గుంటూరు పోయి చూపించుకుంటాను, అప్పుడు నేనే చెబుతానన్నాడు."

"కోతలు రెండుసార్లు అయిపోయాయి కదే."

"ప్రతి నెలా అడిగానక్కా. ప్రతి నెలా ఒట్టు గుర్తుచేశాడు. మాట తప్పితే నీకేమన్నా అవుద్దని భయపడ్డాను. నీ మీద వేశాడు ఒట్టు. నా మీద వేసి ఉంటే చెప్పేసేదాన్ని."

పాము కరిస్తే మంత్రం వేయించుకుంటానన్నవాడిని మెడ పట్టుకుని ఆసుపత్రి బండెక్కించిన పిల్ల అది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకుని కూర్చున్న ఇంట్లోకి దూరి బిడ్డని డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయిన పిల్ల. దానికి అన్నీ తెలుసు. బీపీ వదిలేస్తే ఏమవుతుందో ఊరందరికీ బొమ్మలు చూపించి చెప్పింది. అంత తెలిసినదానికి నా మీద వేసిన ఒట్టు ముందు ఆ చదువంతా పనిచేయలేదు. నేను చచ్చిపోతానని భయపడి నా మొగుణ్ణి రెండేళ్ళు చావుకి దగ్గర చేసింది. ప్రేమ అంటే ఇదేనా అని అరిచాను. చెంప మీద కొట్టాను కూడా. ముసలామె గడపలో నిలబడి చూస్తూ ఉంది, అడ్డం రాలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఆమె బజారులో నేను ఇల్లిల్లూ తిరిగాను. ఇంకెంతమంది లెక్కలు ఇలా రాసిందో చూద్దామని. ఒక్కటన్నా తప్పు దొరకాలని మనసులో కోరుకున్నాను, అది నిజం. తప్పుడు మనిషి అని తేలితే నా బాధ తేలికయ్యేది. దొరకలేదు. బిళ్ళలు వేసుకునేవాళ్ళ దగ్గర బిళ్ళలున్నాయి, పరీక్షకి పోవాల్సినవాళ్ళు పోయారు. ఒకావిడైతే "మీ చెల్లెలు రెండుసార్లు చూడందే వదలదమ్మా, ప్రాణం తీస్తది" అని నాకే చెప్పింది. ఊరందరికీ నిజం రాసింది. నా ఒక్క ఇంటికే అబద్ధం రాసింది. అది తెలిసిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

మండలం ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారికి జరిగిందంతా చెప్పాను. కనీసం మా ఇంటి లెక్కయినా సరిచేయమన్నాను. ఆయన కంప్యూటరు పిల్లాడిని పిలిచి అడిగారు. పాతవి మార్చడానికి వీల్లేదండీ అన్నాడు వాడు. "ఓటీపీ చెప్పింది నువ్వే కదమ్మా. పైకి రాస్తే ముందు నీ పేరే వస్తుంది. ఇంటి సంగతి, ఇంట్లోనే చూసుకోండి," అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆయన గొంతులో జాలే ఉంది. కానీ నాకు మటుకు మా ఆయనా, ఆ పిల్లా, ఈయనా ముగ్గురూ కలిసి నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్టయింది. ఇప్పటికీ ఆ యాప్‌లో మా ఆయన ఆరోగ్యంగానే ఉన్నాడు.

ఇక మిగిలింది ఆయన్ని అడగడం. వారానికి మూడుసార్లు గుంటూరు పోయి వస్తున్నాం. మిషనుకి కట్టేసిన నాలుగు గంటలూ నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటాను. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాకు చెప్పకపోవడానికి నేనేం పరాయిదాన్నా?"

ఆయన పైకప్పు వంక చూస్తూ ఉన్నాడు. "పరాయిదానివైతే చెప్పేవాణ్ణి," అన్నాడు.

"అంటే?"

"పాలకేంద్రం దగ్గర బాబాయ్ సంగతి గుర్తుందా నీకు?"

గుర్తు చేసుకోవడానికి కాస్త పట్టింది. మా వరసకి బాబాయ్ అయ్యే రైతు ఒకాయన. పాలు పోయడానికి వచ్చి పక్క కొట్లో కోవా బిళ్ళ నోట్లో పెట్టుకుంటుంటే, బజారుకి అటువైపు నుంచి నేను గట్టిగా కేకేశాను. "బాబాయ్, నీ షుగర్ మూడొందలుంది, ఆ కోవా కింద పెట్టు!" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మంచికే అన్నాను.

"ఆ రోజు నుంచి ఆయన్ని ఊళ్ళో అందరూ మూడొందలు అనే పిలుస్తున్నారు," అన్నాడు మా ఆయన. "పాలకేంద్రానికి రావడమే మానేశాడు, వాళ్ళావిడ వస్తంది. నువ్వు కేకేసినప్పుడు పాల క్యాను పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. నువ్వు చూళ్ళేదు. ఊరందరి రోగాలు నీ నోట్లోనే ఉంటాయి. నా అంకె నీకు తెలిస్తే మీటింగులో లేచి చెబుతావు, చెప్పవా?"

చెప్పను అనబోయాను. చెప్పి ఉండేదాన్ని. మా ఆయనకి బీపీ ఉంది, బిళ్ళ వేయిస్తున్నాను, చూడండి ఎలా తగ్గిందో అని పది ఊళ్ళ ఆశాల ముందు లేచి చెప్పి ఉండేదాన్ని. చప్పట్లు కొట్టించుకుని ఉండేదాన్ని. అది నిజమే. కానీ ఆ నిజం విన్నాక నా కోపం ఇంకా పెరిగింది తప్ప తగ్గలేదు. "నా నోటికి భయపడి రెండు కిడ్నీలు పోగొట్టుకున్నారా? నోరు మూసుకోవే అని ఒక్క మాట అంటే సరిపోయేదిగా!" అని వార్డులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. "ఇదిగో, మళ్ళీ," అన్నాడాయన. నర్సమ్మ వచ్చి నన్ను బయట కూర్చోమంది.

బయట కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి నా మీద ఉన్న నమ్మకం ఇంతేనా అని ఏడ్చాను. నన్ను అక్కా అన్న పిల్లా, నాకు తాళి కట్టిన మనిషీ కలిసి, నన్ను నా ఇంట్లోనే ఏమీ తెలియనిదాన్ని చేశారు. ఇద్దరూ నా మంచి కోసమే అంటారు. పగవాడు చేసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. వీళ్ళని ఏమనాలో కూడా తెలియదు. ఆ పిల్లతో మాటలు లేవు. ఇళ్ళు మార్చుకోవడమూ మానేశాం.

ఎన్నాళ్ళని ఇలా తిప్పుతారమ్మా, ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇవ్వగలిగితే చూద్దాం అని డాక్టరుగారు అన్నప్పుడు నేను క్షణం ఆలోచించలేదు. ఆయన మీద కోపం వేరు, ఆయన వేరు. నేనిస్తానని చెప్పాను. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు, కానీ ఆ మాట విన్నప్పటి నుంచి మొహంలో కాస్త కళ వచ్చింది. వచ్చే ఏడు పత్తి మానేసి కౌలు పొలంలో కూడా మిరపే వేద్దామని లెక్కలు మొదలుపెట్టాడు. పరీక్షల కోసం నన్ను ఒంటరిగా రమ్మన్నారు. రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు. తర్వాత ఒక కుర్ర నర్సు నన్ను కూర్చోబెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు ఉండమని చెప్పి, చేతికి పట్టీ చుట్టింది.

నూట అరవై ఎనిమిది, నూట నాలుగు. కాసేపాగి మళ్ళీ చూసింది. అంతే వచ్చింది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా చూపించుకున్నారా అమ్మా?" అంది.

నెలనెలా చెల్లెలు నా ఓటీపీ అడిగినప్పుడు "నాదేముందే, నేనెక్కడికి పోతాను, ఏదో ఒకటి మంచిది రాసెయ్" అన్నది నేనే. ఒక్క నెల కూడా ఆ పిల్ల చేతికి నా చెయ్యి ఇవ్వలేదు. నా అంకె దాచమని ఏ ఒట్టూ లేదు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. వందల చేతులకి పట్టీ చుట్టాను, నా చేతికి చుట్టుకునే తీరిక నాకు దొరకలేదు. "లేదమ్మా, ఎప్పుడూ చూపించుకోలేదు," అని ఆ నర్సుకి చెప్పాను.

మూత్రంలో కూడా ప్రొటీను పోతోందన్నారు. "ఈ బీపీతో మీ కిడ్నీ తీయలేమమ్మా. మీవి మీకే జాగ్రత్తగా కాపాడుకోవాలి," అని డాక్టరుగారు బిళ్ళలు రాసిచ్చారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరు వచ్చేదాకా ఆ చీటీ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఆయన పంచలో మంచం మీద కూర్చుని నా కోసమే ఎదురుచూస్తున్నాడు. "ఏమన్నారు?" అన్నాడు.

"మీకూ నాకూ కలవలేదంట," అన్నాను.

"నీకేం కాలేదు కదా?" అన్నాడు.

"నాకేమైంది, అన్నీ బాగున్నాయన్నారు," అన్నాను. చీటీ సంచి అడుగుకి తోసి కంచం పెట్టాను. ఆయన నమ్మాడు. పోనీలే, నీకు కోత తప్పింది అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.